గీత నాది, రంగు నీది

జగ్గయ్యపేటలో లారీలకు బొమ్మలు వేసే పెయింటర్ బాబాయ్ మొన్న శుక్రవారం పొద్దున పోయాడు. మసీదు నుంచి వచ్చి వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. టీ అడిగాడు. కూతురు గ్లాసు పట్టుకుని వచ్చేసరికి తల పక్కకి వాలి ఉంది. వయసు డెబ్బై ఒకటి. గుండె ఆగిందన్నారు. ఏడు గంటలకి నందిగామలో నాకు ఫోనొచ్చింది.

“అన్నయ్యా, నాన్న వెళ్ళిపోయాడు. జుమ్మా నమాజు అయ్యాక మట్టి. వస్తారుగా?” అంది కూతురు.

వస్తానన్నాను. ఫోను పెట్టేశాక నాకు ముందు గుర్తొచ్చింది ఆయన కాదు, ఆయన దగ్గరికి వచ్చిపోయే పెనుగంచిప్రోలు డ్రైవరు. ఈ కబురు అతనికి ఎవరు చెప్పి ఉంటారు, విని ఎటు వెళ్ళి ఉంటాడు? అతని నంబరు కొట్టాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ కొట్టాను. రెండేళ్ళ కిందట అతను ఇలాగే ఫోనెత్తకుండా మూడు రోజులు కనపడకుండా పోయాడు. దానికి కారణం నేను రాసిన వార్త. అప్పుడు అతన్ని వెతికి పట్టుకుని కూర్చోబెట్టిన మనిషి ఇప్పుడు లేడు.

అదంతా చెప్పేముందు పాఠకులకు ఒక మాట. దీన్ని చివర పెట్టను, ఎందుకో మీకే తెలుస్తుంది. బొమ్మల్లో రంగులు నింపడం మందు కాదు. మనసు బాగాలేనివాళ్ళకి డాక్టరు మాత్రలు రాసిస్తే వేసుకోవాలి. డాక్టరు ఆపమనేదాకా ఆపకూడదు. పెయింటర్ బాబాయ్ తన షెడ్డుకి వచ్చిన ప్రతి మనిషికీ మొదట చెప్పిన మాట ఇదే. నా మాట కాదు, ఆయనది.

బండి తీసే ధైర్యం లేక బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. కూర్చోలేకపోయాను. సీటు పక్కవాళ్ళకి ఇచ్చేసి ముందుకి వెళ్ళి నిలబడ్డాను. చేతిలో ఫోను, పది నిమిషాలకోసారి అదే నంబరు.

ఆయన్ని మొదటిసారి చూసింది నాలుగేళ్ళ కిందట. లారీల మీద చేత్తో వేసే బొమ్మలు పోయి స్టిక్కర్లు వస్తున్నాయి కదా, దాని మీద ఒక కథనం రాద్దామని వెళ్ళాను. జగ్గయ్యపేట బైపాసు పక్కన రేకుల షెడ్డు. ఒక లారీ వెనక తలుపు మీద సుద్దముక్కతో గీసిన రెండు చిలకలు, మధ్యలో తామరపువ్వు. వాటికి ఆయన ఎనామిల్ రంగు వేస్తున్నాడు. ఇటుపక్క పొడుగాటి బల్ల, దాని చుట్టూ బెంచీలు. ఐదారుగురు పెద్దవాళ్ళు తలలు వంచుకుని మైనపు క్రేయాన్లతో కాగితాల మీద రంగులు నింపుతున్నారు. ఒకాయనకి మెలితిప్పిన మీసం. ఒకావిడ కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. మాట్లాడేవాళ్ళు లేరు.

“ఇదేంటి బాబాయ్?” అన్నాను. ఆ షెడ్డుకి వచ్చిన వాళ్ళంతా ఆయన్ని బాబాయ్ అనే అంటున్నారు, నేనూ అన్నాను.

“ఫిల్లింగు” అన్నాడు, బ్రష్షు ఆపకుండా.

ఆ మాటకి అర్థం ఆయనే చెప్పాడు. వాళ్ళ పనిలో బొమ్మ గీసేది ఉస్తాద్. రంగు నింపేది పని నేర్చుకునేవాళ్ళు. చిలక ముక్కు వంకర పోయిందని లారీ ఓనరు అరిస్తే ఆ తిట్లు ఉస్తాద్‌కే. రంగు నింపేవాడి మీద ఏ బరువూ ఉండదు. ఇంత మేర ఆకుపచ్చ, ఇంత మేర ఎరుపు, అంతే అతని పని. స్టిక్కర్లు వచ్చాక పని నేర్చుకోడానికి వచ్చేవాళ్ళు తగ్గారు. బెంచీలు ఖాళీ అయ్యాయి. ఆ బెంచీల మీదకి వీళ్ళు వచ్చారు.

“గీత నాది, రంగు నీది. బొమ్మ బాగా రాకపోతే నా మీదకి తోసెయ్” అనేవాడు ప్రతి కొత్త మనిషితో.

కాగితాలంటే పాత క్యాలెండర్లు. జనవరి వచ్చిందంటే ఆ చుట్టుపక్కల ఎవరూ పాత క్యాలెండరు పారేయడానికి లేదు. ఎరువుల కొట్టువి, బంగారం కొట్టువి, చిట్టీల కంపెనీలవి, అన్నీ షెడ్డుకి చేరేవి. ఆ కాగితాల వెనకవైపు తెల్లగా ఉండే చోట నల్ల మార్కరుతో గీసేవాడు. చిలకలు, నెమళ్ళు, పులులు, తీగలు. నలభై ఏళ్ళుగా లారీల మీద గీసినవే. క్రేయాను విరిగితే పారేసేవాడు కాదు. “ఒకటి రెండైతే ఇద్దరికొస్తుంది” అనేవాడు.

ఆయన పద్ధతులు కొన్ని నాకు మొదట్లో విచిత్రంగా తోచాయి. మనిషి గుమ్మంలో కనపడగానే “మందేసుకున్నావా?” అని అడిగేవాడు. లేదంటే మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి, వేసుకున్నాకే కాగితం ఇచ్చేవాడు. మాత్రలు వాడనివాళ్ళని “అన్నం తిన్నావా?” అని అడిగేవాడు. గంట కాగానే కాగితం లాగేసుకునేవాడు, బొమ్మ సగంలో ఉన్నా సరే.

“ఇంకొంచెమే ఉంది బాబాయ్” అని ఎవరైనా బతిమాలితే, “ఉండనీ. చిలక్కి ఒక్క రెక్కే ఉంటే రెండో రెక్క కోసమన్నా రేపొస్తావు” అనేవాడు.

ఎవరి బొమ్మనీ బాగుందనలేదు. బాగా లేదని కూడా అనలేదు. ఎందుకని అడిగితే, “బాగుందన్నామనుకో, రేపు కూడా బాగుండాలేమోనని భయం పట్టుకుంటది. ఆల్రెడీ ఉన్న భయాలు చాలవా వాళ్ళకి?” అన్నాడు.

ఆ రోజు ఆయనతో మాట్లాడుతున్నంతసేపూ నేను బెంచీ చివర కూర్చున్నాను. కాసేపటికి ఆయన నా వైపు తిరిగాడు.

“పేపరాయనా, నీ కాలు ఆపవయ్యా. బెంచీ ఊగి వాళ్ళ రంగు గీత దాటతంది.”

అప్పటిదాకా నా కాలు ఊగుతోందన్న సంగతి నాకు తెలియదు.

పెనుగంచిప్రోలు డ్రైవరు ఆ బెంచీ మీదకి వచ్చింది ఆ తర్వాత ఏడాదికి. సిమెంటు లారీ నడిపేవాడు. ఒక సాయంత్రం హైవే మీద డివైడరు సందులోంచి ఒక బైకు అడ్డంగా వచ్చింది. బైకు మీద ఉన్నతను చనిపోయాడు. తప్పు లారీది కాదని పోలీసులే రాసుకున్నారు. ‘లారీ ఢీకొని వ్యక్తి మృతి’ అని నేను రాశాను. మా వార్తల్లో ఎప్పుడూ లారీయే ఢీకొంటుంది.

వారం తర్వాత అతను మళ్ళీ బండెక్కాడు. కానీ ప్రతి రెండు కిలోమీటర్లకీ ఆపి, దిగి, చక్రాల కింద చూసుకునేవాడు. తర్వాత బండెక్కడమే మానేశాడు. మెట్టు మీద ఒక కాలు పెట్టి అలాగే నిలబడిపోయేవాడట. ఓనరు బండి ఇంకొకరికి ఇచ్చాడు. భార్య అతన్ని విజయవాడ తీసుకెళ్ళి మనసు డాక్టరుకి చూపించింది. ఆయన మాత్రలు రాశాడు, ఊరికే ఇంట్లో కూర్చోనివ్వకండి, ఏదైనా చేతిపని పెట్టండి అన్నాడు. అతని లారీకి బొమ్మలు వేసింది పెయింటర్ బాబాయే. అందుకని ఆవిడ షెడ్డుకి తీసుకొచ్చింది.

మొదటి వారం అతను క్రేయాను పట్టుకుని కూర్చున్నాడు, రంగు పెట్టలేదు. రెండో వారం చిలక తోక ఒక్కటీ నింపాడు. బాబాయ్ అతనికి ఇచ్చే కాగితాల్లో చక్రం ఉన్న బొమ్మ ఒక్కటీ ఉండేది కాదు. రథం లేదు, బండి లేదు, కనీసం సైకిలు లేదు. నేనది గమనించి ఆయన్ని అడిగాను.

“గమనించావుగా, ఊరుకో” అన్నాడు.

అతను మొదటిసారి నవ్వింది ఒక పులి వల్ల. బెంచీ మీద ఒక రిటైరైన ఆర్టీసీ కండక్టరు గారు ఉండేవారు. ఆయన ఒక మధ్యాహ్నం పులికి నిండా ఊదా రంగు పులిమేశారు.

“పులి ఊదా రంగేంటి కండక్టరు గారూ?” అని కళ్ళజోడు ఆవిడ అడిగింది.

“నా పులి, నా ఇష్టం. గీత దాటానా? లేదుగా. మీ నెమలి చూసుకోండి, కోడిపెట్టలా ఉంది.”

డ్రైవరు తల వంచుకునే నవ్వాడు. భుజాలు కదలడం చూసి తెలిసింది. బాబాయ్ లారీ వైపు తిరిగి పని చేసుకున్నాడు. కానీ కాసేపు ఆయన బ్రష్షు ఒకే చోట తిరిగింది.

నాలుగు నెలలయ్యేసరికి అతను రాత్రిళ్ళు నిద్రపోతున్నాడు. డాక్టరు ఒక మాత్ర తగ్గించాడు. భార్య ఆ సంగతి చెబుతూ షెడ్డులో అందరికీ కారప్పూస పంచింది. అప్పుడే నేను ఆ షెడ్డు గురించి, అతని గురించి ఆ వార్త రాశాను.

నేను ఈ పనిలో ఇరవై ఏళ్ళకి పైగా ఉన్నాను. స్థలం చాలకపోతే వార్తని కింద నుంచి కోస్తారు. అందుకే ముఖ్యమైన విషయం పైన ఉండాలి. కొత్తగా చేరిన విలేకరులకి నేను మొదట చెప్పే పాఠం అది. ఆ రోజు నేను దాన్ని పాటించలేదు. “ఇది మందు కాదు, మాత్రలు మానొద్దు” అన్న బాబాయ్ మాటని చివరి పేరాలో పెట్టాను. వార్త ఆ మాటతో ముగిస్తే బాగుంటుందనిపించింది. ఎప్పుడూ లేనిది, ముగింపు అందంగా ఉండాలని ముచ్చటపడ్డాను. రాత్రి ఆ పేజీకి ప్రకటన వచ్చింది. చివరి పేరా పోయింది. డెస్కులో ‘రంగులే మందు!’ అని శీర్షిక పెట్టారు. శీర్షిక పెట్టినవాళ్ళని నేను తప్పుపట్టను. వాళ్ళ చేతికి మిగిలిన కాపీలో ఉన్నదే వాళ్ళు రాశారు.

మర్నాడు షెడ్డు ముందు జనం. ఖమ్మం నుంచి కూడా వచ్చారు. బాబాయ్ చదువుకోలేదని కాదు, పేపరు చదివే అలవాటు లేదు. కూతురు పేపర్లో ఫొటో చూపిస్తే, “సరే, నలుగురొస్తే మంచిదే” అన్నాడట. వచ్చిన వాళ్ళకి ఎప్పట్లాగే, “మందేసుకున్నారా?” అని అడిగాడు.

డ్రైవరు ఆ వార్తని కత్తిరించి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అందులో అతని ఫొటో ఉంది, వెనక నుంచి తీసింది. పెనుగంచిప్రోల్లో చుట్టాలు అది చూశారు. పేపర్లోనే వేశారు కదా, ఇంక ఆ మత్తుబిళ్ళలు దేనికి అన్నారు. రెండు వారాల తర్వాత ఒక పొద్దున అతను షెడ్డుకని బయల్దేరి, షెడ్డుకి రాలేదు.

మూడో రోజు వేరే లారీ డ్రైవరు ఒకతను బాబాయ్‌కి ఫోన్ చేసి, గరికపాడు చెక్‌పోస్టు దగ్గర దాబాలో ఎవరో ఒకతను ఆగిన లారీల కిందకి దూరి చూస్తున్నాడని చెప్పాడు. బాబాయ్ నాకు ఫోన్ చేశాడు. “పేపరాయనా, బండి తియ్” అన్నాడు. అంతే అన్నాడు.

దాబా అతను మమ్మల్ని చూడగానే ఎదురొచ్చాడు.

“మీ మనిషేనా అండి? డీజిల్ దొంగనుకుని మావోళ్ళు రెండు తగిలించారు. తర్వాత నేనే ఆపాను. దొంగైతే చేతిలో డబ్బా ఉండాలిగా! ఉత్త చేతుల్తో బండి బండి కిందా చూస్తన్నాడు. ఏం పోగొట్టుకున్నాడో అడిగితే చెప్పడు.”

డ్రైవరు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. పెదవి చిట్లింది. బాబాయ్ పక్కన కూర్చున్నాడు. టీలు వచ్చాయి, తాగాం. బాబాయ్ గ్లాసు కింద పెట్టి అడిగాడు.

“మాత్రలు ఎప్పుడు మానేశావురా?”

“పేపర్లో వచ్చిందిగా బాబాయ్, అక్కర్లేదని” అన్నాడు డ్రైవరు. జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు.

బాబాయ్ దాన్ని తొడ మీద పరుచుకున్నాడు. వేలు పెట్టి ఒక్కో లైనూ చదివాడు. చివరిదాకా వచ్చి, కాగితం తిప్పి వెనకవైపు చూశాడు. అక్కడ ఏదో ఎరువుల ప్రకటన ఉంది. మళ్ళీ ముందుకి తిప్పాడు.

“నేను చెప్పిన మాట ఏదయ్యా?”

“కింద రాశాను బాబాయ్. చోటు లేక కోసేశారు.”

“పైన ఎందుకు రాయలేదు?”

ఆయన కాగితాన్ని ఉన్న మడతల మీదే మడిచి నాకిచ్చాడు.

“బాగుందయ్యా నీ వార్త. అదే దాని రోగం.”

ఆయన నోటి నుంచి బాగుందన్న మాట నేను విన్నది ఆ ఒక్కసారే.

అట్నుంచటే నా కార్లో అతన్ని విజయవాడ తీసుకెళ్ళాం. భార్య బస్సులో వచ్చి ఆసుపత్రి దగ్గర కలిసింది. భర్త ముఖం చూసి, చెంగుతో పెదవి తుడిచింది. వాళ్ళిద్దరూ లోపల ఉండగా నేనూ బాబాయీ వరండాలో నిలబడ్డాం. నేను అటూ ఇటూ తిరుగుతున్నాను. ఆయన గోడకి ఆనుకుని ఉన్నాడు. ఈ ఫిల్లింగు ఎలా మొదలైందని అంతకుముందు రెండు మూడుసార్లు అడిగినా చెప్పలేదు. ఆ రోజు నేను అడగకుండానే చెప్పాడు.

ఆయన భార్యకి చాలా ఏళ్ళు మనసు బాగాలేదు. మాట్లాడేది కాదు, అన్నం పెడితే తినేది, లేకపోతే లేదు. ఒకరోజు షెడ్డులో లారీ తలుపు మీద ఆయన గీసి వదిలేసిన చిలకకి ఆవిడ తనంతట తనే బ్రష్షు తీసుకుని రంగు వేసింది. అప్పట్నుంచి రోజూ ఆయన గీసేవాడు, ఆవిడ నింపేది. ఎనామిల్ వాసనకి దగ్గొస్తోందని క్యాలెండర్లూ క్రేయాన్లూ తెచ్చాడు.

“తగ్గిందా బాబాయ్ ఆవిడకి?”

“లేదు. ఏం తగ్గలేదు” అన్నాడు. “పోయేదాకా అట్టాగే ఉంది. కానీ రోజుకో గంట నా పక్కన కూర్చుంది. అంతకుముందు అదీ లేదు.”

నా వైపు తిరిగాడు. “అందుకే చెప్తా అందరికీ, ఇది మందు కాదని. నాకంటే బాగా ఎవరికి తెలుసు?”

ఆ మాటని నేను ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. ఆయన ఉండగా రాసే హక్కు నాకు లేదనిపించింది.

మా పత్రికలో సవరణ వేయించాను, లోపలి పేజీలో. తీసుకెళ్ళి చూపించాను. “మొన్నటిది తలుపంత, ఇది గడియంత” అన్నాడు. కానీ దాన్ని కత్తిరించి షెడ్డు గుమ్మం పక్కన మేకుకి గుచ్చాడు. వచ్చినవాళ్ళందరి చేతా చదివించేవాడు.

“రేపట్నుంచి నువ్వూ వచ్చి కూర్చో” అన్నాడు నాతో.

“నాకేం జబ్బు లేదు బాబాయ్.”

“ఆ మాట నీ కాలుతో చెప్పు.”

రెండేళ్ళు ప్రతి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. నాకేం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. నిద్ర పెద్దగా మారలేదు. హైవే మీద ప్రమాదాలు ఆగలేదు, నేను వాటికి వెళ్ళడమూ ఆగలేదు. కానీ రంగు పట్టుకున్న చేతికి ఫోను పట్టుకోవడం కుదరదు. ఆ గంట నేను ఎవరి చావు కబురూ వినలేదు. దీనికన్నా పెద్ద ప్రయోజనం ఉందని నేను సాక్ష్యం చెప్పలేను. దీనికన్నా చిన్నదని కూడా చెప్పలేను.

డ్రైవరు మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాడు. తేరుకోడానికి ఈసారి మొదటిసారి కన్నా ఎక్కువ కాలం పట్టింది. ఆ ఎక్కువ కాలం నా ఖాతాలోదే. డాక్టరు సరేనన్నాక, పోయిన ఏడాది ఆటో కొన్నాడు. పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేటకి మనుషుల్ని తిప్పుతాడు. అయితే హైవే ఎక్కడు. లోపలి ఊళ్ళ మీదుగా పొలాల మధ్య రోడ్డున చుట్టు తిరిగి వస్తాడు. ఎక్కినవాళ్ళు ఊరుకోరు.

“ఏంది డ్రైవరూ, కాశీ మీదుగా తీసుకెళ్తన్నావా పేటకి?”

“పుణ్యం వస్తదిలే అత్తా, కూర్చో” అంటాడు.

బాబాయ్ ఒక్కనాడూ హైవే ఎక్కమని అతనితో అనలేదు. ఇంకెవర్నీ అననివ్వలేదు.

మొన్న శుక్రవారం బస్సు చిల్లకల్లు దాటాక, ఫోనులో వెతికితే డ్రైవరు భార్య నంబరు దొరికింది. ఆమె వెంటనే ఎత్తింది.

“ఫోను ఇంట్లోనే ఉందన్నయ్యా. ఇందాకట్నుంచి మోగేది మీదేనా? కబురు వినగానే ఆటో తీసుకుని వెళ్ళిపోయాడు. చొక్కా కూడా మార్చుకోలేదు. అక్కడికి రాలేదా?”

“నేనింకా దారిలో ఉన్నానమ్మా. చూసి చేస్తా.”

“మాత్రల డబ్బా తీసుకెళ్ళాడు. అది చూశా” అంది. ఆమె కూడా ముందు అదే చూసుకుంది.

బాబాయ్ ఇంటి ముందు షామియానా వేశారు. కండక్టరు గారు ఉన్నారు, కళ్ళజోడు ఆవిడ ఉంది, లారీ ఓనర్లు, మెకానిక్కులు ఉన్నారు. డ్రైవరు లేడు. షెడ్డుకి వెళ్ళాను, తాళం వేసి ఉంది. బస్టాండుకి వెళ్ళి ఆటోల వాళ్ళని అడిగాను. పొద్దున చూశామన్నారు, ఎటు వెళ్ళాడో తెలియదన్నారు. గరికపాడుకి ఎవరినైనా పంపుదామా అని కండక్టరు గారిని అడిగాను. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, “అంత దూరం ఆలోచించకండి” అన్నారు. ఆయన అన్నాక ఇంకా ఎక్కువ ఆలోచించాను.

జుమ్మా అయింది. జనాజా లేచింది. నేనూ కాసేపు భుజం పట్టాను. నడుస్తున్నంతసేపూ నా చూపు పక్క సందుల్లోకే. రోడ్డు వార ఆగి ఉన్న ప్రతి లారీ కిందకీ చూశాను. చూస్తున్నానని నాకే తెలిసి ఆగిపోయాను.

ఖబరస్తాన్ గేటు పక్కన అతని ఆటో ఉంది. మనిషి లేడు. లోపల కొత్తగా తవ్విన మట్టి కుప్ప, దాని వెనక గొయ్యి. గోతిలో ఇద్దరు మనుషుల తలలు కనపడుతున్నాయి. ఒకతను పలుగు పైకి అందించాడు. రెండో అతను గోతి అంచు మీద చేతులు ఆనించి పైకి లేచాడు. డ్రైవరు. నడుం దాకా మట్టి.

“ఎక్కడికి పోయావయ్యా?” అన్నాను. గొంతు గట్టిగానే లేచింది. చుట్టూ వాళ్ళు చూశారు.

“ఇక్కడే ఉన్నానండి పొద్దున్నించీ” అన్నాడు. “తవ్వే అతను ఒక్కడే ఉన్నాడు. నేనూ ఒక చెయ్యి వేస్తానంటే సరేనన్నాడు. ఇంటి దగ్గర కూర్చోడం నా వల్ల కాలేదు.”

గొయ్యి పక్కలు నున్నగా చెక్కి ఉన్నాయి. ఒక్క వేరు ముక్క కూడా పొడుచుకు రాలేదు. బాబాయ్‌ని దించారు. అందరం మూడేసి గుప్పెళ్ళ మట్టి వేశాం. డ్రైవరు చివర్న వేశాడు. తర్వాత కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. గోళ్ళలో మట్టి పోలేదు.

నేను అతని భార్యకి ఫోన్ చేసి ఇచ్చాను. “ఆ, తిన్నాలే. వేసుకున్నాలే. వస్తా” అని మూడు మాటలు చెప్పి ఫోను తిరిగిచ్చాడు.

“ఎలా వచ్చారండి, బస్సా?”

“బస్సే. బస్టాండులో దింపు చాలు.”

“చిల్లకల్లు దాకా తీసుకెళ్తా. ఎక్కండి.”

అక్కడికి వెళ్ళాలంటే హైవే ఎక్కాలి. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఎక్కి కూర్చున్నాను. ఊళ్ళోంచి వచ్చే రోడ్డు హైవేని కలిసేచోట ఆటో నెమ్మదించింది. ఇండికేటరు వేశాడు. హైదరాబాదు వైపు నుంచి సిమెంటు లారీలు, కంటైనర్లు వరసగా వస్తున్నాయి. ఒక్కొక్కటి దాటినప్పుడల్లా గాలికి ఆటో రెక్సిను టపటపా కొట్టుకుంటోంది. ఒకచోట ఖాళీ దొరికింది. అతను కదల్లేదు. ఇంకో ఖాళీ వచ్చింది, పెద్దదే, రెండు ఆటోలు పట్టేంత. క్లచ్చు మీద చెయ్యి బిగిసింది, మళ్ళీ వదులైంది. వెనక ట్రాక్టరు వాడు హారన్ కొట్టి, పక్కనుంచి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

“తొందరేం లేదుగా మీకు?” అన్నాడు, వెనక్కి చూడకుండా.

“లేదు” అన్నాను.

అతను ఇంజను ఆపేశాడు. బండి వెనక్కి తిప్పలేదు. హ్యాండిలు మీంచి చేతులు తియ్యలేదు. ముందు చక్రం తారు అంచు మీద ఉంది, వెనక రెండూ మట్టిలో ఉన్నాయి. లారీ వెళ్ళినప్పుడల్లా ఆటో కొద్దిగా ఊగి, మళ్ళీ నిలబడుతోంది.